పంతులమ్మను మాన్పించి టాబ్లెట్లు కొందమా?



వచ్చు ఆదివారము మన సంఘ సర్వసభ్య సమావేశము జరుగనున్నది. కార్యక్రమ పట్టికలో నాలుగవ అంశముగా ఒక చిన్న వాక్యము అచ్చయినది: "బాలబాలికల తెలుగు బోధనను ఆధునికీకరించుట." ఈ వాక్యమును చూచి ఎవరికి అభ్యంతరము కలుగును? ఆధునికము వలదని చెప్పువాడెవడు? కాని ఆ వాక్యము వెనుక నున్న ప్రతిపాదన ఏమో కార్యవర్గ సభ్యుడనగుటచే నేనెరుగుదును. హోసూరులోని మన సంఘ భవనమున పదునొకండు సంవత్సరములుగా వారమునకు ఐదు సాయంకాలములు నడచుచున్న తెలుగు తరగతిని ఈ ఉగాదితో ముగింపవలెనట. పంతులమ్మ గారికి ఇచ్చు వేతనమును నిలిపి, ఆ సొమ్మునకు మరికొంత చేర్చి, ఇరువది టాబ్లెట్లు కొని, అక్షరములు నేర్పెడి ఆప్ ఒకటి వానిలో పెట్టించి, పిల్లల యిండ్లకు పంచవలెనట. కార్యవర్గములో దీనిని కాదన్నవారము ఇద్దరమే. నన్ను పాత కాలపు మనిషి అనిరి. నాకు నలుబదియారు ఏండ్లు. ఆ బిరుదునకు ఇంకను కొంత గడువున్నదనుకొంటిని.

ఇది నలుగురు గదిలో కూర్చుండి తేల్చవలసిన సంగతి కాదు. భవనము ఇటుకలు మన తాతలు మోసినవి. పిల్లలు మన పిల్లలు. కావున నా వాదమును ఈ పత్రిక ద్వారా అందరి ముందు పెట్టుచున్నాను. ప్రతిపాదించినవారు నా మిత్రులే, వారి మంచితనమును నేను శంకించుట లేదు. వారి లెక్కను మాత్రము శంకించుచున్నాను.

మొదట ఒక విన్నపము. నేను యంత్రములకు విరోధిని కాను. పప్పుదినుసుల వర్తకుడను. మా నాయన కాలమున చిట్టా, ఆవర్జాలతో నడచిన అంగడి నేడు కంప్యూటరుతో నడచుచున్నది. 2017లో జీఎస్టీ వచ్చినది మొదలు లెక్కలన్నియు దానిద్వారానే దాఖలు చేయుచున్నాను. గల్లాపెట్టె ముందు యూపీఐ చీటీ అంటించియున్నాను. త్రాసు కూడ ఎలెక్ట్రానిక్ త్రాసే, గ్రాము తేడా లేకుండ తూచును. అయితే ఆ త్రాసు మంచి కందిపప్పునకును పుచ్చిన కందిపప్పునకును ఒకే తూకము చూపును. పప్పు నిరుటిదా, తడిసి ఆరినదా అని తెలిసికొనుటకు నేను పిడికెడు అరచేతిలో పోసికొని చూడవలసినదే, రెండు గింజలు కొరకవలసినదే. తూకము త్రాసు పని, సరుకు గుణము మనిషి పని. ఈ భేదము తెలియనివాడు మా వీధిలో ఆరు మాసములు వ్యాపారము చేయలేడు. చదువు విషయమున మాత్రము ఈ భేదమును మరచిపోవుటకు మనము సిద్ధముగా నున్నాము.

మన స్థితి ఎట్టిదో ఒకసారి తలచుకొనుడు. 1956లో రాజ్యాంగమునకు ఏడవ సవరణ చేసినపుడు 350-ఏ అధికరణము చేర్చిరి. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరుగుటకు తగిన వసతులు కల్పింపవలెనని అందున్నది. వ్రాత మంచిదే. పిమ్మట 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన చట్టముతో ఒకటవ తరగతి మొదలుకొని తమిళము మొదటి భాషగా తప్పనిసరి యయ్యెను. ఏటికొక తరగతి చొప్పున పైకి ప్రాకి, 2016 నాటికి అది పదవ తరగతి పరీక్షకు చేరెను. తెలుగు ఐచ్ఛికముగా నాలుగవ భాగమునకు జారినది. ఆ పరీక్షలో తమిళపు పత్రమునుండి మినహాయింపు కోరుచు అల్పసంఖ్యాక భాషల పిల్లలు ఏటేటా న్యాయస్థానముల మెట్లెక్కిరి. 2023 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఆ ఏటి పిల్లలకు మినహాయింపు నిచ్చినది. తమిళము మీద నాకు కోపము లేదు. అది మనము పుట్టిన నేల భాష, నా కొనుబడి దారులలో సగముమంది భాష, నేను చదివినదియు దానితోడనే. నేను చెప్పునది ఒక్కటే: మన పిల్లలకు తెలుగు అక్షరము బడిలో దొరకుట అరుదైనది. మాట యింటిలో మిగిలినది, లిపి జారిపోవుచున్నది. ఆ లిపిని పట్టియుంచుటకు మనకున్న కొద్దిపాటి ఆధారములలో ఈ సాయంకాలపు తరగతి యొకటి. దానిని తీసివేయువారు బదులుగా ఏమి ఇచ్చుచున్నారో గట్టిగా చూడవలెను గదా.

ఇచ్చుచున్న ఆప్ ఎట్టిదో నాకు స్వానుభవము. నా యింటి సంగతి చెప్పుటకు కొంత సిగ్గుగానే యున్నది. చెప్పక తప్పదు.

నా కూతురికి తొమ్మిదేండ్లు. సంఘ కార్యవర్గములో కూర్చుండి తెలుగు, తెలుగు అని ప్రసంగించు నేను, నా బిడ్డను మాత్రము తరగతికి పంపలేదు. ట్యూషను వేళకు కుదరలేదని సాకు చెప్పుకొంటిని. ఫోనులో ఒక ఆప్ పెట్టించితిని. ఏడాదిన్నర కాలము దినమునకు ఇరువది నిముషములు ఆ బిడ్డ దానిమీద వ్రేలు త్రిప్పినది. అక్షరము మీద చుక్కల వెంబడి వ్రేలు జరిపిన చాలును, గంట మ్రోగి నక్షత్రము రాలును. నక్షత్రములు నూరుదాటినవి, రెండు నూరులు దాటినవి. తుదకు పాఠములన్నియు ముగిసి తెరమీద బంగారు కప్పు కనబడెను. ఇంటిల్లిపాదియు చప్పట్లు కొట్టితిమి. నేనా కప్పు బొమ్మను బంధువులందరికి పంపి మెప్పు గడించితిని.

నిరుడు శ్రావణ మాసములో మా అమ్మ తన ట్రంకుపెట్టె తెరచినది. మా నాయన కందుల కొనుగోలునకు గుల్బర్గా, రాయచూరు పోయి వారములకొలది నిలిచిపోవునపుడు వ్రాసిన పోస్టుకార్డులు అందులో కట్టగా నున్నవి. ఆయన గతించి ఎనిమిదేండ్లు. అమ్మకు కంట పొర వచ్చియుండుటచే అక్షరము ఆనదు. మనుమరాలు చదువు ముగించి కప్పు గెలిచినదని విన్నది గదా, ఒక కార్డు తీసి చేతికిచ్చి, "చదువు పాపా, మీ తాత ఏమి రాసినాడో" అన్నది. బిడ్డ కార్డు పట్టుకొని "ఉ" అన్నది. కొంత సేపు చూచి "భ" అన్నది. అక్కడ ఆగిపోయినది. అది "ఉభయకుశలోపరి" అను మాట, నూరు కార్డులలో నూరింటికి మొదటి మాట. పిదప బిడ్డ తెలివిగా ఫోను తెచ్చి కార్డునకు ఫొటో తీసి, ఫోనుచేతనే చదివింపజూచినది. చేతివ్రాత కాబోలు, అది నాలుగు మాటలు కలిపి ఏదో అర్థము లేని వాక్యమును, ఏ రాగమును లేని గొంతుతో పలికినది. అమ్మ మొదట నవ్వినది. తరువాత, "అది మీ తాత గొంతు కాదులే పాపా, ఎత్తిపెట్టు" అని కార్డు తీసికొని కట్టలో పెట్టివేసినది.

నేనా సమయమున గడపలో నిలుచుండియుంటిని. బంధువులకు పంపిన బంగారు కప్పు జ్ఞప్తికి వచ్చినది.

మరుసటి సోమవారము బిడ్డను తరగతిలో చేర్చితిని. పంతులమ్మ గారు మొదటి దినమున ఫోనును అడుగలేదు, పలకయు బలపమును అడిగిరి. బిడ్డ వ్రేలితో తెరమీద ఎన్నిమారులో గీచిన "ఘ" అక్షరమును చుక్కలు లేకుండ పలకమీద వ్రాయుమనగా వ్రాయలేకపోయినది. చుక్కల వెంట పోవుట నేర్చినది గాని అక్షరము నేర్వలేదు. గోడ పట్టుకొని నడచిన బిడ్డకు గోడ తీసివేసినట్లయినది. తలకట్టు, దీర్ఘము, గుడి, గుడిదీర్ఘము, కొమ్ము అని మరల మొదటి నుండి గుణింతము ఎత్తుకొనవలసి వచ్చెను. ఐదు మాసములకు కార్డు చదువ మొదలిడెను. ఇప్పటికిని ఒత్తుల దగ్గర తడబడును. ఒకనాడు "మార్కెట్టు" అను మాట వద్ద నిలిచిపోయినది. మా నాయన పాత పద్ధతిలో వలపలగిలక పెట్టి వ్రాయుచుండెను. ఆ గుర్తును ఈనాటి పిల్లలకు ఎవరు చెప్పుదురు? బిడ్డ కార్డును తరగతికి తీసికొనిపోగా పంతులమ్మ గారు అది రకార పొల్లునకు పూర్వులు వాడిన గుర్తని చెప్పి, దానితో మరి నాలుగు మాటలు వ్రాయించి పంపిరి. నేను వాడి చూచిన ఆప్‌లో వలపలగిలక లేదు. ఉండవలెనని నేనును అనను. కాని మన ట్రంకుపెట్టెలలో ఉన్నది.

ఇంకొక సంగతి ఉన్నది. నా దృష్టిలో ఇది చేతివ్రాత కంటెను పెద్దది. ఆ ఆప్‌లో బొమ్మ చూపి పేరు అడుగును. దుంప బొమ్మ వచ్చినది. బిడ్డ "గెనుసుగడ్డ" అన్నది. యంత్రము ఎర్రగీటు పెట్టి "చిలగడదుంప" అన్నది. ఇంకొకటి వచ్చినది. బిడ్డ "శెనక్కాయ" అన్నది. మరల ఎర్రగీటు, "వేరుసెనగ" అని సవరణ. నాలుగు దినములు ఇట్లు జరిగిన పిదప బిడ్డ వచ్చి, "నాయినా, మన ఇంట్లో మాట్లాడేది తప్పు తెలుగా?" అని అడిగినది. సోదరులారా, ఈ ప్రశ్నకు మీరేమి జవాబు చెప్పెదరు? మూడు నాలుగు నూరేండ్లుగా ఈ గడ్డమీద చెక్కుచెదరక నిలిచిన పలుకును, ఎక్కడనో కూర్చుండి బొమ్మలు పేర్చినవారి యంత్రము ఎర్రగీటుతో కొట్టివేయుచున్నది. దానికి దురుద్దేశము లేదు. దానికి మన ఊరు తెలియదు, అంతే. అదే దుంపకు పంతులమ్మ గారు చెప్పిన జవాబు వేరు: "మీ ఇంట గెనుసుగడ్డ అందురు, పుస్తకములో చిలగడదుంప అందురు, రెండును తెలుగే. గెనుసు అను మాట కన్నడములోను దగ్గర రూపమున ఉన్నది, మనము వారి పొరుగున నున్నాము గదా" అని. ఒక్క వాక్యములో బిడ్డకు భాష, భూగోళము రెండును తెలిసినవి, తలయెత్తుకొనుటయు తెలిసినది. భాషాల్పసంఖ్యాకుల బిడ్డకు తన యింటి మాట తప్పని ఒకసారి తోచినచో, ఆ మాటను దాచుకొనుట నేర్చును. దాచుకొన్న మాట తరువాతి తరమునకు చేరదు.

ఇక మిత్రులు "ప్రపంచమంతయు ఈ దారినే పోవుచున్నది" అని వాదించిరి. ప్రపంచము ఏ దారిని పోయి ఎక్కడనుండి మరలి వచ్చినదో నేనును కొంత చదివితిని. దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున లక్షల సంఖ్యలో చిన్న కంప్యూటర్లను పల్లెటూరి పిల్లలకు పంచిరి. 319 పాఠశాలలను పరిశీలించి 2012లో వెలువరించిన నివేదికలో, లెక్కలలోను భాషలోను పిల్లల మార్కులు పెరిగినట్లు ఆధారము కనబడలేదని వ్రాసిరి. యంత్రములు ఇండ్లకు చేరినవి, చదువు చేరలేదు. చిన్న బడులలో తెరలు తప్పనిసరి చేయదలచిన స్వీడను దేశము 2023లో ఆ ఆలోచనను విరమించి అచ్చు పుస్తకముల వైపు మరలినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సలహాలో రెండేండ్లలోపు పసివారికి తెర వలదనియు, నాలుగేండ్ల వరకు దినమునకు ఒక గంట మించరాదనియు, అంతకంటె తక్కువైన మరియు మంచిదనియు చెప్పియున్నది.

భాష నేర్చుకొనుటను గురించి అన్నిటికంటె నన్ను ఆకర్షించినది 2003లో అమెరికాలోని సియాటిల్ నగరమున జరిగిన ఒక పరీక్ష. తొమ్మిది మాసముల ఆంగ్ల కుటుంబపు పసికందులను తీసికొని, చీనా భాష మాటలాడువారి చేత పండ్రెండు పర్యాయములు వారిని ఆడించి, పుస్తకములు చదివి వినిపించిరి. ఆ పసికందులు చీనా శబ్దములలోని భేదమును పట్టుకొనగలిగిరి. అదే మనుష్యులు, అవే మాటలు, తెరమీద చూపినపుడు పట్టుకొనలేకపోయిరి. ధ్వని మాత్రమే వినిపించినపుడును అంతే. చెవికి చేరిన శబ్దము ఒకటే. ఎదుట కూర్చున్న మనిషి లేడు. అది చంకబిడ్డల సంగతి, మనవారు ఏడెనిమిదేండ్ల పిల్లలు గదా అని మిత్రులనవచ్చును. నిజమే, అంతమాత్రముచే సర్వము తేలిపోదు. అయినను భాష అనునది ఒకరి నోటి నుండి ఇంకొకరి చెవికి, కన్నులు చూచుకొనుచు పోవు వస్తువని మన అవ్వలకు తెలిసినదానిని పండితులు పరీక్షించి వ్రాసిరి.

ఎదుటి పక్షమునకు అనుకూలమైన సాక్ష్యము కూడ ఒకటున్నది, దాచిపెట్టుట వర్తక ధర్మము కాదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అను కంప్యూటరు పాఠములచే పిల్లలు లెక్కలలోను హిందీలోను నాలుగున్నర మాసములలో మంచి పురోగతి చూపిరని 2019లో ప్రకటించిరి. మిత్రులు దీనినే చూపి నన్ను నోరు మూయింపజూచిరి. నేను ఆ సంగతిని తుదివరకు చదివితిని. ఆ పిల్లలకు యంత్రములు ఇంటికి ఇచ్చి పంపలేదు. పిల్లలు బడి పిమ్మట ఒక కేంద్రమునకు నడచి వచ్చిరి. గంటన్నరలో సగము కాలము యంత్రము ముందు, సగము కాలము చిన్న చిన్న జట్లుగా ఒక బోధకుని ముందు కూర్చుండిరి. అనగా భవనము, వేళ, మనిషి, పైన యంత్రము. మన ప్రతిపాదనలో మొదటి మూడును తీసివేసి నాలుగవది మాత్రము ఉంచుచున్నారు.

ఇంత దూరము పోనేల? మన కన్నుల ఎదుట జరిగినది చూడుడు. 2020 మార్చిలో బడులు మూతపడినవి. ఏడాదిన్నరకు పైగా చిన్న తరగతుల పిల్లలు ఇండ్లలోనే యుండిరి. టీవీలో పాఠములు వచ్చినవి, ఫోనులలో పాఠములు వచ్చినవి. ఆ పాఠములకు మన పిల్లలు ఎట్లు కూర్చుండిరో మీకు తెలియనిది కాదు. గొంతు మూసి, చిత్రము ఆపి, ప్రక్కన ఆట తెరచి. తుదకు ప్రభుత్వము ఏమి చేసినది? 2021 అక్టోబరులో "ఇల్లం తేడి కల్వి", అనగా ఇల్లు వెదకుకొని వచ్చు చదువు, అను పథకమును ప్రారంభించినది. ఇంటికొక యంత్రము పంపలేదు. వీధికొక మనిషిని పంపినది. నెలకు వేయి రూపాయల భత్యముతో సుమారు రెండు లక్షలమంది స్వచ్ఛంద సేవకులు, అందు పెక్కుమంది స్త్రీలు, సాయంకాలము పూట పిల్లలను కూర్చుండబెట్టుకొని చదివించిరి. బడులు తెరచిన ఆరు మాసములలో పిల్లలు పోగొట్టుకొన్న చదువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినదనియు, ఆ వచ్చినదానిలో రమారమి నాలుగవ వంతు ఈ సాయంకాలపు తరగతుల వలననే యనియు పరిశోధకులు లెక్కగట్టిరి. మన పంతులమ్మ గారు పదునొకండు ఏండ్లుగా చేయుచున్నది ఇదియే. ప్రభుత్వమునకు మహమ్మారి వచ్చిన పిదప తోచినది మన పెద్దలకు ముందే తోచినది. ఇప్పుడు మనము దానిని మూయబోవుచున్నాము.

ఇక డబ్బు లెక్క. ఇది నాకు కొట్టినపిండి. మిత్రులు తెచ్చిన ధర పట్టీ ప్రకారము టాబ్లెట్టు ఒక్కింటికి 9,000 రూపాయలు. ఇరువదింటికి 1,80,000. పంతులమ్మ గారి వేతనము నెలకు 8,000, ఏటికి 96,000. అనగా టాబ్లెట్ల ధరతో పంతులమ్మ గారి వేతనము రెండేండ్లకు నెలన్నర తక్కువగా చెల్లును. టాబ్లెట్టునకు గ్యారంటీ ఒక్క ఏడు. పిల్లల చేతిలోని అద్దము ఎన్నాళ్లు నిలుచునో ఫోను కొనియిచ్చిన తండ్రినెవరినైన అడుగుడు. ఇంటర్నెట్టు వెల నెలకు ఒక్కొక్కదానికి 200 చొప్పున వేసినను 4,000, పంతులమ్మ గారి జీతములో సగము. అది పట్టీలో లేదు, తలిదండ్రులు భరింతురని నోటిమాటగా చెప్పిరి. మూడవ ఏడు మొదలగునప్పటికి పాతబడిన యంత్రము ఆప్‌ను తెరువదు. మరల 1,80,000 ఎక్కడనుండి వచ్చును? సరుకు నిలువ ఉంచినచో ధర తగ్గునని తెలిసియు నిలువ చేయు వర్తకుని మనము ఏమందుము? పంతులమ్మ గారి ధర మాత్రము ఏటేటా పెరిగినది: మొదటి ఏడు ఆమెకు ఏ యింట ఏ మాట వాడుదురో తెలియదు, ఇప్పుడు ఏ బిడ్డకు "ళ" పలుకదో, ఏ బిడ్డ అవ్వ దగ్గర పెరుగుచున్నదో తెలియును.

"తరగతికి పిల్లలు రానే రారు గదా" అన్నది వారి గట్టి వాదము. ఒప్పుకొంటిని. హాజరు పట్టీ చూచితిని. ఒకప్పుడు 31 మంది, ఇప్పుడు 14 మంది. ఎందుకు తగ్గిరో ఆ పట్టీలో లేదు, మన మినిట్సు పుస్తకములో ఉన్నది. ముహూర్తముల మాసములలో భవనమును పెండ్లిండ్లకు అద్దెకిచ్చి, తరగతిని మెట్ల క్రిందికి త్రోసితిమి. బాండుమేళము మ్రోగుచుండగా మెట్ల క్రింద గుణింతము చెప్పుమన్నాము. ఒక వేసవిలో వంటపాత్రల నడుమ పిల్లలు కూర్చున్నది నేను చూచితిని. ఆ తీర్మానములమీద నా సంతకమును ఉన్నది. నల్లబల్ల పగిలి రెండేండ్లయినది, మార్చలేదు. పంతులమ్మ గారి జీతము పెంచి నాలుగేండ్లయినది. ఇన్ని చేసి, "పిల్లలు రావడము లేదు, కాలము మారినది" అనుట న్యాయమా? కాలము మారలేదు, మనము అద్దెకిచ్చితిమి.

ఇంకొకటి. పిల్లలకు తెలుగు లిపి ఎందుకని బిడ్డలే అడుగుచున్నారు. వారికి చూపుటకు మన యొద్ద ఏమున్నది? మన సంఘపు వాట్సాపు సమూహమున వచ్చు ప్రకటనలు చూడుడు. మాట తెలుగు, అక్షరము ఇంగ్లీషు. మరణ వార్త ఇంగ్లీషు అక్షరములలోనే, ఉగాది శుభాకాంక్షలు ఇంగ్లీషు అక్షరములలోనే. ఫోనులో తెలుగు అక్షరములు లేకనా? ప్రతి ఫోనులోను ఉన్నవి. తెరచువాడు లేడు. ఇంటి పెద్దలకు తీరిక లేని లిపిని ఇరువది టాబ్లెట్లు కొని బిడ్డలకు అంటగట్టిన అది అంటునా?

ఇంత వ్రాసినందున యంత్రమువలన లాభమే లేదని నా మాటగా ఎవరును చెప్పవలదు. 1947 జూలైలో చెన్నపట్టణమున పుట్టిన చందమామ పాత సంచికలు నేడు ఫోనులో చదువుకొనవచ్చును. తెలుగు వికీపీడియా 2003 నుండి నడచుచున్నది. బ్రౌను దొర 1852లో అచ్చువేసిన నిఘంటువును వేలికొనతో వెదకవచ్చును. మా నాయన ఆ నిఘంటువు ప్రతి ఒకటి కొనవలెనని కోరి కొనలేకపోయెను. ఇది చిన్న భాగ్యము కాదు. కాని ఈ భాండారమునకు తాళపుచెవి అక్షరము. చదువ వచ్చిన బిడ్డకు ఆ తెర గ్రంథాలయము, చదువరాని బిడ్డకు బొమ్మల పెట్టె. వరుస తప్పరాదు. మన పెద్దలకు రేడియో క్రొత్త యంత్రముగా వచ్చిన కాలమున కూడ ఈ వరుస తప్పలేదు. రేడియో అన్నయ్య, అక్కయ్యలని పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో పిల్లలకు కార్యక్రమములు నడపి, అంతటితో ఆగక 1945లో "బాల" అను పత్రికను కూడ తెచ్చిరి. యంత్రముండెను. దాని వెనుక పిల్లల మాట వినెడి ఒక అన్నయ్యయు, ఒక అక్కయ్యయు ఉండిరి. చేతికి అందించుటకు చదువదగిన కాగితమును ఉండెను.

కాదనుట సులభము, బదులు చెప్పుమనిరి. నా సవరణ ప్రతిపాదనను వ్రాతమూలకముగా కార్యదర్శి గారికి ఇచ్చియున్నాను. తరగతి నిలువవలెను. పంతులమ్మ గారి వేతనమును 10,000 చేయవలెను. తరగతి జరుగు ఐదు సాయంకాలములు ఆరు మొదలు ఏడున్నర వరకు, ఎంత గొప్ప పెండ్లివారు వచ్చినను పెద్ద గదిని అద్దెకు ఇయ్యరాదు. ఆ నష్టమునకు నా వంతుగా మొదటి ఏడు నేను 12,000 చెల్లింతును, మరి నలుగురు వర్తకులు ముందుకు రావలెనని కోరుచున్నాను. టాబ్లెట్లు ఇరువది వలదు, రెండు కొందము. అవి తరగతిలోనే, పంతులమ్మ గారి బీరువాలో ఉండును, ఏ పాఠమునకు ఎప్పుడు తెరువవలెనో ఆమె చెప్పుదురు. ఇంట నున్న పాత ఉత్తరములు, కార్డులు పిల్లలు నెలకొకటి తెచ్చి చదువవలెను. చదివినదానిని ఆ టాబ్లెట్టుతో ఫొటో తీసి దాచవచ్చును, ఆ పనికి అది చక్కగా పనికివచ్చును. సంఘ ప్రకటనలు ఉగాది నుండి తెలుగు లిపిలోనే రావలెను.

సమావేశము ఆదివారము ఉదయము పది గంటలకు. నాలుగవ అంశము వచ్చునప్పటికి భోజనవేళ సమీపించును, చాలమంది లేచిపోవుదురు. కిందటి సంవత్సరము అద్దె తీర్మానము అట్లే పదునేడుగురి చేతులతో నెగ్గినది. దయచేసి కూర్చుండుడు. పిల్లలనుకూడ తోడ్కొని రండు, వారి సంగతియే గదా. హాజరు పుస్తకము ద్వారము వద్ద బల్లమీద ఉండును. తెలుగున సంతకము చేయగలవారు తెలుగుననే చేయుడు, ఎందరమున్నామో ఆ పుట చూచి లెక్కపెట్టుకొందము.